‘అర్థం కాలేదు’ అన్నది ఎవరు?

2016లో షారుఖ్ ఖాన్ ‘ఫ్యాన్’ విడుదలకు ముందు ‘జబ్రా ఫ్యాన్’ అనే పాట టీవీల్లో హోరెత్తిపోయింది. మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో ఒక టీచరు ఆ పాట చూద్దామని ఇంటిల్లిపాదితో హాలుకి వెళ్లారు. సినిమా మొత్తం అయిపోయింది. పాట రాలేదు. ఆవిడ వినియోగదారుల ఫోరం మెట్లెక్కారు. జిల్లా ఫోరం కొట్టేసింది. రాష్ట్ర కమిషన్ మాత్రం 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇమ్మంది. జాతీయ కమిషన్ అదే ఖాయం చేసింది. చివరికి 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ రెండు కమిషన్ల తీర్పులూ పక్కన పెట్టేసింది. ట్రైలర్ అనేది ప్రచారం, అందులో కనపడిందల్లా సినిమాలో ఉంటుందని నిర్మాత మాట ఇచ్చినట్టు కాదు అని తేల్చింది.

చట్టం వరకు అది సబబే. లేకపోతే ప్రతి శుక్రవారం సాయంత్రం కోర్టుల ముందు క్యూలు కడతారు. అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 2011లో ‘డ్రైవ్’ ట్రైలర్ చూసి కార్ల ఛేజింగుల సినిమా అనుకుని వెళ్లిన మిషిగన్ మహిళ ఒకరు, తీరా అందులో డ్రైవింగే పెద్దగా లేదని దావా వేసింది. ఇలాంటి కేసుల గురించి చదివి నవ్వుకోవడం తేలిక. నాకు మాత్రం వాళ్లిద్దరూ ఒక సంగతి బయటపెట్టారనిపిస్తుంది. సినిమాని ఎలా చూడాలో మనం హాల్లో కూర్చున్నాక నిర్ణయించుకోం. పోస్టరు, ట్రైలరు, హీరో పేరు, విడుదల తేదీ, ముందు రోజు వచ్చిన టాక్, ఇవన్నీ కలిసి ఆ నిర్ణయం చేసేస్తాయి. మనం దాన్ని వెంట తీసుకుని లోపలికి వెళ్తాం.

పాట రాకపోతే పోయేది ఆ ఒక్క పాటే. అసలు కథే తేటతెల్లంగా చెప్పని సినిమాలకి వస్తుంది చిక్కు. అక్కడ ముందే తెచ్చుకున్న నిర్ణయం తప్పయితే సినిమా మొత్తం తప్పుగా కనిపిస్తుంది. ‘అర్థం కాలేదు’ అని ప్రేక్షకుడు అన్నప్పుడు చాలాసార్లు అతను చెబుతున్నది తన తెలివి గురించో దర్శకుడి తెలివి గురించో కాదు. తనకి అమ్మింది ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అంటున్నాడు.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. దాచిన కథ వేరు, తేల్చని కథ వేరు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్నది దాచిన కథ. 2015 జూలైలో మొదటి భాగం ఆ ప్రశ్న దగ్గర ఆగింది, 2017 ఏప్రిల్‌లో రెండో భాగం జవాబు చెప్పింది. మధ్యలో ఇరవై ఒక్క నెలలు దేశమంతా ఆ ప్రశ్నే వేసుకుంది. దానికి జవాబు ఉందనీ, అది రాజమౌళి దగ్గర ఉందనీ, టికెట్ కొంటే చెబుతాడనీ అందరికీ తెలుసు. తేల్చని కథలో ఆ భరోసా ఉండదు. జరిగింది నిజమా, ఆ పాత్ర భ్రమా? చివర్లో వాడు బతికాడా? ఇద్దరు చెప్పిన రెండు కథల్లో ఏది నమ్మాలి? దర్శకుడు ఆధారాలు రెండు వైపులా సమంగా పెట్టి వెళ్లిపోతాడు.

జనం ఖాళీని ఖాళీగా వదలరన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత సంగతి. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు అమెరికాలో ఒక చిన్న బొమ్మల ఫిల్మ్ తయారు చేశారు. రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, తలుపు తెరుచుకునే ఒక డబ్బా. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతే. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరు మాత్రమే ‘త్రిభుజం కుడివైపు జరిగింది’ అన్న ధోరణిలో రాశారు. మిగతావాళ్లు ప్రాణమున్న వాటి గురించి రాసినట్టే రాశారు. పెద్ద త్రిభుజాన్ని దౌర్జన్యం చేసేవాడిగా, వృత్తాన్ని భయపడ్డ అమ్మాయిగా చూసినవాళ్లూ ఉన్నారు. అంటే మన సినిమావాళ్లు భయపడుతున్నట్టు ప్రేక్షకుడికి కథ అందకపోవడం అంటూ ఉండదు. ఏదో ఒక కథ అల్లుకునే తీరతాడు. ఏ దారంతో అల్లుకుంటాడన్నదే ప్రశ్న.

ఆ దారం ఎక్కణ్నించి వస్తుందో చూపించే ఉదాహరణ ఒకటి నాకు చాలా ఇష్టం. ఎనభైల్లో అమెరికన్ టీవీ సీరియల్ ‘డల్లాస్’ ప్రపంచమంతా ఆడుతుండగా తమర్ లీబ్స్, ఎలిహు కాట్జ్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్‌లో వేర్వేరు సమాజాల వాళ్లని గుంపులుగా కూర్చోబెట్టి, ఎపిసోడ్ చూపించి, కథ చెప్పమన్నారు. అందులో స్యూ ఎలెన్ అనే కోడలు మొగుడి మీద కోపంతో బిడ్డనెత్తుకుని ఇల్లు వదిలి వెళ్తుంది. ఆమె వెళ్లింది పాత ప్రియుడి ఇంటికి, అతని తండ్రి ఉండే ఇంటికి. ఒక అరబ్ గుంపు మాత్రం ఆమె తన సొంత తండ్రి దగ్గరికి వెళ్లిపోయిందని చెప్పింది. తెర మీద ఉన్నది స్పష్టంగానే ఉంది. అయినా బిడ్డనెత్తుకుని అలిగి వెళ్లే కోడలు పుట్టింటికి కాక ఇంకెక్కడికి వెళ్తుంది? తెలుగు సీరియల్ చూసే ఏ ఇంట్లో అడిగినా అదే జవాబు వస్తుంది. తేటగా చెప్పిన కథనే జనం ఇంతగా సర్దుకుంటే, దర్శకుడు కావాలని వదిలేసిన ఖాళీల్లో ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోకుండా ఉంటారా?

ఇక అమ్మే వైపు. హాలీవుడ్ స్టూడియోలకి ప్రేక్షకులంటే చాలాకాలంగా నాలుగు గళ్లు. పాతికేళ్ల లోపు మగవాళ్లు, ఆడవాళ్లు, పాతికేళ్లు దాటిన మగవాళ్లు, ఆడవాళ్లు. నాలుగు గళ్లనీ లాగే సినిమాకి పెద్ద బడ్జెట్, ఒకటో రెండో గళ్లకి సరిపడేదానికి చిన్న బడ్జెట్. మనకి గళ్లు వయసుని బట్టి కాక నేలని బట్టి పడ్డాయి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఆపైన కర్ణాటక, ఓవర్సీస్. సీడెడ్ అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలు. నిజాం పోయాడు, కంపెనీ పోయింది, రాష్ట్రం గీతలు మారాయి, డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో మాత్రం ఆ పేరు చెక్కు చెదరలేదు. ఈ గీతల మీద ఇంకో గీత ఏ, బి, సి సెంటర్లు, అంటే నగరాలు, పట్నాలు, చిన్న ఊళ్లు. వాటి మీద ఇంకోటి క్లాస్, మాస్, ఫ్యామిలీ, యూత్. సీడెడ్‌లో యాక్షన్ ఆడుతుంది, గోదావరి జిల్లాల్లో ఇంటిల్లిపాది చూసే వినోదం ఆడుతుంది, అమెరికాలో క్లాస్ ఆడుతుంది అని ట్రేడ్‌లో ఒక నమ్మకం. అది పూర్తి నిజమో కాదో గానీ, దాన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్లున్నారు కాబట్టి నిజమంత బలంగా పనిచేస్తుంది.

పెద్ద హీరో సినిమా ఏరియాల వారీగా ముందే అమ్ముడైపోతుంది. కొన్న బయ్యర్‌కి అసలు వెనక్కి రావలసింది మొదటి వారాంతంలోనే, పండగైతే సెలవులు అయ్యేలోపు. అందువల్ల పోస్టరు మీద ‘ఇది అందరికీ కాదు’ అని రాసే ధైర్యం ఎవరికీ ఉండదు. కథలో ఏముందన్నదానితో పని లేకుండా, అమ్మేటప్పుడు ప్రతి సినిమానీ అందరి సినిమాగానే అమ్మాలి. తేల్చని కథకి ఉరి పడేది సరిగ్గా ఇక్కడే.

తెలుగులో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ‘1: నేనొక్కడినే’. సుకుమార్ దర్శకుడు, మహేశ్‌బాబు హీరో, 2014 జనవరి 10న సంక్రాంతికి వచ్చింది. అంతకు ముందు సంక్రాంతికి మహేశ్ చిన్నోడిగా, వెంకటేశ్ పెద్దోడిగా నటించిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ని ఇళ్లకి ఇళ్లు కదిలొచ్చి చూశాయి. ఏడాది తిరిగేసరికి అదే పండగకి, అదే జనానికి, అదే హీరోతో ఏమిచ్చారు? గౌతమ్ అనే రాక్‌స్టార్. చిన్నప్పుడు తన తల్లిదండ్రుల్ని ముగ్గురు చంపారని అతనికి గుర్తు. డాక్టర్లు, చుట్టూ ఉన్నవాళ్లు అదంతా నీ ఊహే అంటారు. ఒకణ్ని చంపేశానని పోలీసుల ముందు లొంగిపోతాడు. తీరా చూస్తే అతను పోరాడింది గాలితో.

ఆ ఒక్క సంగతి మీద కాస్త ఆగాలి. తెలుగు స్టార్ సినిమాలో రాయని నియమం ఒకటుంది. హీరో కళ్లతో చూసింది నిజం. విలన్ అబద్ధమాడవచ్చు, ఫ్లాష్‌బ్యాక్‌లో ఒక ముక్క దాచవచ్చు, హీరో మారువేషంలో తిరగవచ్చు. కానీ హీరో చెయ్యెత్తి ఒకణ్ని కొట్టాడంటే వాడు అక్కడ ఉన్నట్టే, దెబ్బ తగిలినట్టే. బాల్కనీ నుంచి కాగితాలు ఎగిరేది ఆ నమ్మకం మీదే. అలాంటిది ఫైటు అయ్యాక ‘ఇది జరగలేదు’ అంటే, ఇందాక వేసిన ఈలలు ఏం కావాలి? దర్శకుడు చేసింది తెలివైన పనే. నా దృష్టిలో ఆ సినిమా మొదటి సగంలో ఉన్న సాహసం పెద్ద హీరోల తెలుగు సినిమాల్లో అరుదు. కాకపోతే అది ప్రేక్షకుడు జేబులోంచి ఇచ్చేసిన ఉత్సాహాన్ని వెనక్కి లాక్కునే సాహసం. ముందే హెచ్చరించి ఉంటే ఆట. హెచ్చరించకపోతే మోసంలా ఉంటుంది.

దీనికి పండగ పరిస్థితి తోడైంది. సంక్రాంతి సినిమాకి పదిమంది కలిసి వస్తారు. ఇద్దరు బండి పార్క్ చేసి టైటిల్స్ అయ్యాక వస్తారు, ఒకరు చంటిపిల్లాడితో బయటికెళ్లి పాట అయ్యాక తిరిగొస్తారు, ఇంటర్వెల్ సమోసాల క్యూలో రెండో సగం మొదటి సీను పోతుంది. మామూలు పండగ సినిమా ఇవన్నీ లెక్కేసుకునే తీస్తారు. ముఖ్యమైన ముక్క మూడుసార్లు చెబుతారు, ఒకసారి పాత్రతో, ఒకసారి కమెడియన్‌తో, ఒకసారి పాటలో. ‘1’ ముఖ్యమైన ముక్కని ఒక్కసారి చెప్పి ముందుకెళ్లిపోయింది. విడుదలైన కొద్ది రోజులకే నిడివి కోసేశారు. నాకు ఇప్పటికీ వింతగా తోచేది ఈ కోత. చిక్కుముడిని పొట్టిగా చేస్తే తేలిక కాదు, ఆధారాలు తగ్గి ఇంకా బిగుసుకుంటుంది.

ఆ సంక్రాంతికి రెండు రోజుల తర్వాత వచ్చిన ‘ఎవడు’ ఇక్కడ బాగా ఆడింది, ‘1’ బయ్యర్లకి నష్టాలు మిగిల్చింది. అదే ‘1’ అమెరికాలో పది లక్షల డాలర్లు దాటింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడు ఇక్కడివాడి కంటే తెలివైనవాడనా? ఆ వాదన చాలామంది చేశారు, నాకు నచ్చదు. అక్కడ ఉన్న ప్రేక్షకుల్లో ఎక్కువమంది జ్ఞాపకం పోయినవాళ్లు, భ్రమలో బతికేవాళ్లు హీరోలుగా ఉన్న హాలీవుడ్ థ్రిల్లర్లు అప్పటికే చూసి ఉన్నారు. ‘హీరో చూసింది నిజం కాకపోవచ్చు’ అన్న నియమం వాళ్ల దగ్గర ఇంకో జేబులో ఉంది, అవసరమైనప్పుడు తీశారు. తర్వాత కొన్నేళ్లలో టీవీ, ఫోన్ల మీద ఇక్కడివాళ్లే ఆ సినిమాని ‘కాలం కంటే ముందున్న సినిమా’ అని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మనుషులు వాళ్లే. చూసే సందర్భం మారింది. ఇంకో విషయం కూడా ఉంది. ఆ సినిమా చివరికి అన్నీ తేల్చేస్తుంది! తల్లిదండ్రులెవరో, ఎందుకు చంపారో, చెప్పకుండా ఏమీ వదలదు. సగం దూరం తేల్చకుండా నడిపించినందుకే అంత శిక్ష పడిందన్నమాట.

అమెరికాలో ఇదే సంగతిని కొలిచే సంస్థ ఒకటుంది. పేరు సినిమాస్కోర్. డెబ్బైల చివరి నుంచి పనిచేస్తోంది. విస్తృతంగా విడుదలైన సినిమాలకి మొదటి రాత్రి హాలు బయట ప్రేక్షకుల చేతికి కార్డులిస్తారు. ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా మార్కు వేయాలి, వయసు, ఎందుకు వచ్చారు లాంటివి చెప్పాలి. మామూలుగా జనం దయగానే వేస్తారు. డబ్బు పెట్టి కొన్నది బాగోలేదని ఒప్పుకోవడం కష్టం కదా. అలాంటిది 2017 సెప్టెంబరులో డారెన్ అరొనోఫ్‌స్కీ తీసిన ‘మదర్!’కి ఎఫ్ వచ్చింది. జెన్నిఫర్ లారెన్స్ హీరోయిన్. పారమౌంట్ స్టూడియో దాన్ని భయపెట్టే సినిమాగా అమ్మింది. ఒంటరి ఇల్లు, పిలవకుండా వచ్చిపడే అతిథులు, వణికిపోతున్న ఇల్లాలు. లోపలికెళ్తే అది బైబిల్ కథలకి, భూమాత మీద మనుషులు చేసే దౌర్జన్యానికి ప్రతీకగా అల్లిన కల్పన. ఏ పాత్రకీ పేరుండదు, ఎందుకు జరుగుతోందో చెప్పేవాళ్లుండరు. వెనిస్ ఉత్సవంలో పోటీలో నిలిచిన సినిమా, రెండు వారాలు తిరక్కుండానే సామాన్య ప్రేక్షకుడి దగ్గర సున్నా తెచ్చుకుంది. ఆ తర్వాతి నెలలో పేరున్న దర్శకుడు మార్టిన్ స్కార్సేసీ స్వయంగా ఒక వ్యాసం రాసి, ఇలా మార్కులు వేసే పద్ధతినే తప్పుపట్టాడు.

ఎఫ్ తెచ్చుకున్న సినిమాల జాబితా చదివితే ఒక సంగతి కళ్లకి కడుతుంది. 2002లో జార్జ్ క్లూనీ ‘సొలారిస్’, 2012లో బ్రాడ్ పిట్ ‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’. చెత్త సినిమాలు మామూలుగా సి తెచ్చుకుని బతికిపోతాయి. ఎఫ్ పడేది ఎక్కువగా పెద్ద మొహం, తెలిసిన కోవ చూపించి లోపల ఇంకేదో పెట్టినవాటికి. పేరులేని నటులతో తీసిన తేల్చని కథకి మామూలుగా ఎఫ్ రాదు. దానికి తప్పు ప్రేక్షకుడు చాలావరకు రాడు కాబట్టి.

మన దగ్గర కార్డులు లేవు, టాక్ ఉంది. దాని ఏర్పాటు ఇంకా విచిత్రం. అమెరికా ప్రీమియర్ల నుంచి వచ్చే మాట తెల్లవారేసరికి ఫోన్లలో ఉంటుంది. ఇక్కడ బెనిఫిట్ షో చూసేవాళ్లు అభిమానులు. అర్ధరాత్రి నుంచి పాలాభిషేకాలు చేసి, గొంతు పోయేలా అరిచి లోపలికెళ్లిన మనిషి తేల్చని కథని ఓపిగ్గా చదివే స్థితిలో ఉండడు, ఉండాలని ఆశించడం అన్యాయం. డైలాగు వినపడదు, కాగితాల వాన తెరని కప్పేస్తుంది. అయినా మొదటి తీర్పు రాసేది అతనే. ఉదయం ఆటకి వచ్చేవాడు అతని మాట విని వస్తాడు. ‘ఫస్టాఫ్ కన్ఫ్యూజన్, సెకండాఫ్ ల్యాగ్’ అన్న నాలుగు మాటలు మోసుకుని హాల్లో కూర్చుంటే, ఎంత స్పష్టమైన సీనైనా కన్ఫ్యూజన్‌లాగే కనిపిస్తుంది.

మరి ‘ఇన్సెప్షన్’ ఎందుకు బతికింది? 2010లో వచ్చిన ఆ సినిమా చివర బొంగరం తిరుగుతూ ఉంటుంది, పడుతుందో లేదో చూపించకుండా తెర నల్లబడుతుంది. హీరో ఉన్నది కలలోనా మెలకువలోనా అని జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారు. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ 2015లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందు మాట్లాడుతూ, ఆ క్షణానికి హీరోకి అది పట్టడం లేదన్నదే విషయమని చెప్పాడు. అందులో నటించిన మైకేల్ కెయిన్ మాత్రం తాను ఉన్న సీనైతే నిజమని దర్శకుడే తనతో అన్నాడని చెప్పాడు. అలా వాదన బతికే ఉంది. కానీ లెక్క చూడండి. దొంగతనం చేసే ముఠా, అసాధ్యమైన పని, గురుత్వాకర్షణ లేని వరండాలో ఫైటు, పిల్లల దగ్గరికి తిరిగొచ్చే తండ్రి, ట్రైలర్ చూపించినవన్నీ రెండున్నర గంటల్లో అణాపైసలతో చెల్లించేశారు. తేల్చకుండా వదిలింది ఆఖరి కొన్ని సెకన్లు. బాకీ తీరిన తర్వాత వదిలిన ప్రశ్న ప్రేక్షకుడికి కానుక. బాకీ ఉండగా వదిలితే ఎగవేత.

స్టూడియోల భయం గురించి చెప్పుకోవాలంటే ‘బ్లేడ్ రన్నర్’ దగ్గరికి వెళ్లాలి. 1982లో రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమాని విడుదలకి ముందు డెన్వర్, డాలస్ నగరాల్లో జనానికి చూపించి అభిప్రాయాలు తీసుకున్నారు. హారిసన్ ఫోర్డ్ అనగానే వాళ్లు అంతరిక్ష సాహసం ఆశించి వచ్చారు. తెర మీద వాన, చీకటి, మనిషో మరమనిషో తెలియని వ్యథ. స్పందన చూసి బెదిరిన నిర్మాతలు ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం చొప్పించారు, చివర ప్రేమికులిద్దరూ పచ్చటి కొండల మధ్య కారులో వెళ్లిపోయేలా చేశారు. ఆ కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించగా మిగిలిన ఫిల్మే! ఇంత చేసినా అప్పుడు సినిమా ఆడలేదు.

పదేళ్ల తర్వాత 1992లో వచ్చిన దర్శకుడి కూర్పులో వ్యాఖ్యానం తీసేశారు, కొండలు తీసేశారు, ఒక చిన్న కల చేర్చారు. హీరో డెకార్డ్ కలలో ఒంటికొమ్ము గుర్రం పరుగెడుతుంది. సినిమా చివర్లో అతని గుమ్మం దగ్గర కాగితంతో మడిచిన ఒంటికొమ్ము గుర్రం ఒకటి దొరుకుతుంది. అది 1982లోనూ ఉంది. అప్పుడు దాని అర్థం, తోటి పోలీసు ఇక్కడిదాకా వచ్చి, దయతలిచి వెళ్లాడని. కల చేర్చాక అదే కాగితపు బొమ్మ ‘నీ కలలేమిటో మాకు తెలుసు, ఎందుకంటే అవి మేము పెట్టినవే’ అంటోంది. అంటే మరమనుషుల్ని వేటాడే డెకార్డ్ కూడా మరమనిషేనా? అవునంటాడు స్కాట్. కాదని చాలాకాలం పట్టుబట్టాడు ఫోర్డ్. తీసినవాడికీ నటించినవాడికీ కుదరని అర్థాన్ని చూసేవాళ్లు కుదుర్చుకోలేకపోతే తప్పేముంది? నిర్మాతలు చొప్పించిన వ్యాఖ్యానం అర్థాన్ని తేట చేద్దామని వచ్చింది. సినిమా నిలబడింది అది తీసేశాకే.

తేల్చని కథని సూటిగా, దాని పేరుతోనే అమ్మినవాళ్లు లేరా అంటే ఉన్నారు, మన పక్కింట్లోనే. 1998లో కన్నడంలో ఉపేంద్ర ‘ఎ’ తీశాడు. కథ ముందు వెనకలుగా, ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. దాన్ని దాచిపెట్టకుండా ‘బుద్ధివంతులకు మాత్రమే’ అని ప్రచారం చేశారు. ఆ మాటలో అహంకారం ఉంది, గడుసుదనం కూడా ఉంది. అర్థం కాకపోవచ్చని ముందే చెప్పేశారు కాబట్టి అర్థం కాని ప్రేక్షకుడికి కోపం రాలేదు, పౌరుషం వచ్చింది. మళ్లీ చూశాడు. తెలుగులో డబ్ చేస్తే ఇక్కడా ఉపేంద్రకి అభిమానుల్ని తెచ్చిపెట్టింది. ఇంత బాహాటంగా చెప్పడం అన్ని సినిమాలకీ నప్పదు గానీ, ‘అందరికీ’ అన్న అబద్ధం కంటే మేలు.

ఇంతవరకు ‘ఏం జరిగింది’ అన్న సందేహం గురించే మాట్లాడుకున్నాం. ఏం జరిగిందో అందరికీ తెలిసినా తేలని సినిమాలు ఇంకో రకం. 2017 ఆగస్టులో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ కథలో చిక్కేమీ లేదు, పదేళ్ల పిల్లాడైనా వరసగా చెప్పగలడు. చిక్కల్లా సినిమా ఎటువైపు ఉందన్నదే. విడుదలకి ముందు హైదరాబాద్‌లో కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు బస్సు మీద ముద్దు పోస్టరు చించేశారు, అదే సినిమాకి పెద్ద ప్రచారమైపోయింది. అందువల్ల వచ్చిన కుర్రాళ్లు తిరుగుబాటు సినిమా చూడ్డానికి వచ్చారు, తిరుగుబాటే చూశారు. హీరో కోపాన్ని, అమ్మాయి మీద చేసే పెత్తనాన్ని ప్రేమ లోతుగా చదివారు. అదే సీన్లని ఇంకొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఒక రోగ లక్షణాల పట్టీలా చదివారు. మధ్యలో ‘వాడు తప్పే, కానీ నటన...’ అని నసిగేవాళ్లు. బ్రిటన్‌లో స్టువర్ట్ హాల్ అనే సంస్కృతి పరిశోధకుడు 1973లోనే ఈ మూడు రకాల చదువరుల్ని గుర్తించాడు. పంపినవాడి అర్థాన్ని ఉన్నదున్నట్టు తీసుకునేవాళ్లు, బేరమాడి కొంత తీసుకునేవాళ్లు, తిప్పికొట్టేవాళ్లు. కాకపోతే ఇక్కడ పంపినవాడి అర్థమేమిటో పట్టుకోవడమే కష్టం. కెమెరా హీరోని ఎంత ఆరాధనగా చూస్తుందో, కథ అతణ్ని అంత దిగజారుస్తుంది కూడా. నేనైతే ఆ సినిమా హీరో వైపే ఉందంటాను. కాదనేవాళ్ల దగ్గర కూడా సినిమాలోంచే తీసిన ఆధారాలున్నాయి.

మన జనానికి తేల్చని కథలు కొత్త, అలవాటు లేదు అనేవాళ్లు బేతాళ కథలు మరిచిపోయారు. తరాల తరబడి చందమామలో ప్రతి నెలా శవంలోని బేతాళుడు కథ చెప్పి, సందేహం అడిగి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించాడు. పిల్లలు విక్రమార్కుడి జవాబు చదివే ముందు తమ జవాబు ఆలోచించుకునేవారు. అక్కడ ఒప్పందం స్పష్టం. కథ అయ్యాక ప్రశ్న వస్తుందని మొదటి వాక్యానికే తెలుసు. అసలు సంస్కృత సంప్రదాయంలో ఆఖరి కథ ఇంకా సొగసైనది. ఒక తండ్రి ఎవరో తల్లీకూతుళ్లలో కూతుర్ని, అతని కొడుకు ఆమె తల్లిని పెళ్లాడితే వాళ్లకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు అని బేతాళుడు అడిగితే రాజు దగ్గర జవాబు లేదు. నోరు మెదపడు. అన్నాళ్లూ జవాబు చెప్పినందుకే చేజారిపోయిన బేతాళుడు, చెప్పలేకపోయినందుకు చేతికి చిక్కుతాడు.

ఇప్పుడు ఓటీటీలు ఈ ఒప్పందాన్ని మనిషికొకటిగా విడగొట్టేశాయి. నెట్‌ఫ్లిక్స్ ఒకే సినిమాకి ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ చూపిస్తుంది. 2017లో వాళ్ల ఇంజనీర్లే ఉదాహరణతో రాశారు. ‘గుడ్ విల్ హంటింగ్’ని ప్రేమకథలు చూసేవాడికి మాట్ డేమన్, మినీ డ్రైవర్ జంటగా ఉన్న బొమ్మతో, కామెడీలు చూసేవాడికి రాబిన్ విలియమ్స్ బొమ్మతో చూపవచ్చని. నైజాం, సీడెడ్‌లు పోయి గదికొక ఏరియా అయ్యిందన్నమాట. ఒకే ఇంట్లో అన్న థ్రిల్లర్ అనుకుని, చెల్లెలు ప్రేమకథ అనుకుని ఒకే సినిమా మొదలుపెట్టవచ్చు. తేల్చని కథ తీసే దర్శకుడికి ఇది మంచిదా చెడ్డదా? సరైన ప్రేక్షకుణ్ని వెతికి పట్టుకునే వీలుంది. సినిమాలో లేని సినిమాని వాగ్దానం చేసే వీలూ అంతే ఉంది. పైగా ఆ వాగ్దానం ఏమిటో పక్కవాడికి కూడా కనపడదు. సంక్రాంతి పోస్టరు అబద్ధమాడితే కనీసం ఊరంతా కలిసి తిట్టుకునేవాళ్లం.

లెక్కలు కూడా మారాయి. ఒకప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో డెబ్బై శాతం చూస్తే చూసినట్టు. 2019 చివరి నుంచి కొంతకాలం రెండు నిమిషాలు చూసినా చూసినట్టే రాసుకున్నారు. 2021లో మొత్తం చూసిన గంటల లెక్కకి, 2023లో ఆ గంటల్ని సినిమా నిడివితో భాగించే లెక్కకి వచ్చారు. ఈ పద్ధతిలో పదో నిమిషంలో విసుగొచ్చి ఆపేసినవాడు కొద్దిగా, చివరి ఇరవై నిమిషాలు మళ్లీ వెనక్కి తిప్పి చూసుకున్నవాడు ఎక్కువగా లెక్కకొస్తారు. ఆ తర్వాత యూట్యూబ్‌లో ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ వీడియో వెతుక్కునే తెలుగు కుర్రాడు ఇంకో ఛానల్‌కి వ్యూస్ తెస్తాడు. ‘1’ వచ్చిన సంక్రాంతికి ఆ కుర్రాడు బయ్యర్ దృష్టిలో నష్టం. ఈ లెక్కలో అతనే మంచి గిరాకీ.